మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడి పని కావాలా: ఎవరిని కలవాలి, ఏ కాగితాలు పెట్టాలి, ఎక్కడ మోసపోకూడదు

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ పనికి పేపర్లో నోటిఫికేషన్ పడుద్ది, ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే హాల్ టికెట్ వస్తది అని చూస్తా కూర్చుంటే ఏళ్లకేళ్లు అట్లాగే పోతాయి. ఇది నోటిఫికేషన్ ఉద్యోగం కాదు, ఖాళీ ఉద్యోగం. ఎక్కడో ఒక గ్రూపులో ఒకళ్లు రిటైర్ అవుతారు, ఇంకొకళ్లు చనిపోతారు, ఇంకొకళ్లు ఊరికెళ్లి తిరిగి రారు, ఆ ఖాళీ సంగతి తెలిసినోడి కాగితం ఆఫీసులో రెడీగా ఉంటే పని అయిద్ది, లేకపోతే వేరేవాళ్లకి పోయిద్ది. మాది గుంటూరు వైపు, ఉండేది హైదరాబాద్, రెండు చోట్లా మావాళ్లు ఈ పనిలో ఉన్నారు, బస్తీలో చదువు రానోళ్లకి అప్లికేషన్లు రాసిపెడుతుంటా కాబట్టి రెండు రాష్ట్రాల సంగతీ కలిపి చెప్తున్నా.

చివరిదాకా చదివే ఓపిక లేకపోతే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: మస్టర్‌లో మీ పేరు, మీ ఖాతాలో జీతం, మీ పేరు మీద పీఎఫ్. మస్టర్ అంటే రోజూ హాజరు వేసే పట్టీ. ఈ మూడూ ఉంటేనే అది మీ ఉద్యోగం. లేకపోతే ఇంకెవరి ఉద్యోగమో మీరు చేసిపెడుతున్నట్టు.

ముందు ఏ పని అడుగుతున్నారో తెలుసుకోండి

అందరూ "మున్సిపాలిటీ ఉద్యోగం" అనేస్తారు గానీ దాంట్లో మూడు రకాలున్నాయి.

ఒకటి పర్మనెంట్. పాత రోజుల్లో తీసుకున్న పబ్లిక్ హెల్త్ వర్కర్లు, వాళ్లకి స్కేలు, ఇంక్రిమెంట్లు అన్నీ ఉంటాయి. వీళ్లు రిటైరయ్యే కొద్దీ ఆ పనిలోకి ఔట్‌సోర్సింగ్ వాళ్లనే పెట్టుకుంటూ వస్తున్నారు, కాబట్టి కొత్తగా డైరెక్ట్‌గా పర్మనెంట్‌లో చేరడం ఇప్పుడు దాదాపు లేదనే అనుకోండి. ఒక్క దారి ఉంది, ఇంట్లో పర్మనెంట్ కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే కారుణ్య నియామకం. అట్లాంటిది మీ ఇంట్లో జరిగితే దినాలు అయ్యాక చూద్దాం, పిల్లోడు ఇంకొంచెం పెద్దవ్వాలి అని సాగదీయకండి, ఏడాది లోపే దరఖాస్తు ఆఫీసులో పడేటట్టు చూడండి, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోడానికే బోలెడు టైం పట్టుద్ది.

రెండోది ఔట్‌సోర్సింగ్. మీరు చూసే చీపురు పట్టుకున్నోళ్లలో ఎక్కువమంది వీళ్లే. ఆంధ్రాలో వీళ్లని ఆప్కాస్, అంటే ఔట్‌సోర్సింగ్ వాళ్ల కోసం గవర్నమెంటే పెట్టిన కార్పొరేషన్ కిందకి తెచ్చారు, 2020 జులైలో మొదలైంది అది, అంతకుముందు కాంట్రాక్టర్ల చేతిలో ఉండి జీతంలో కోతలు పడేవి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ కింద గ్రూపులుగా ఉంటారు, గ్రూపుకి ఏడుగురు, అట్లాంటి మూడు గ్రూపుల మీద ఒక ఎస్‌ఎఫ్‌ఏ అంటే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్.

మూడోది ప్రైవేటు ఏజెన్సీలు. చెత్త తీసుకెళ్లే పెద్ద బండ్ల మీద హెల్పర్లు, ట్రాన్స్‌ఫర్ స్టేషన్లలో పని, రాత్రి పూట ఊడ్చే మిషన్ల దగ్గర పని, ఇవి కంపెనీ తీసుకునేవి. బండి మీద మున్సిపాలిటీ బొమ్మ ఉన్నంత మాత్రాన మీరు మున్సిపాలిటీ మనిషి అయిపోరు. హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటో సంగతి ఇంకా వేరు, 2015లో మొదలుపెట్టారు, డ్రైవరే ఓనరు, ఇంటింటికీ నెలకింత అని వసూలు చేసుకుని బండి కిస్తీ కట్టుకోవాలి, అది జీతం ఉద్యోగం కాదు.

మీరు అడగాల్సింది రెండోది. అది దొరక్క మూడోదాంట్లో చేరినా తప్పేం లేదు, కాకపోతే తెలిసి చేరండి.

జీతం ఎంత

హైదరాబాద్‌లో 2015లో సమ్మె తర్వాత 8,500 ఉన్నది 12,500 చేశారు, 2020 దీపావళికి 14,500 నుంచి 17,500 అయింది, 2023 మే డే రోజు ఇంకో వెయ్యి పెంచుతున్నామన్నారు. ఆంధ్రాలో 15 వేలు జీతం, 6 వేలు హెల్త్ అలవెన్స్, కలిపి 21 వేలు, అదీ ఊరికే రాలేదు, 2022లో ఒకసారి, 2023 డిసెంబర్‌లో ఇంకోసారి చీపుర్లు పక్కనపెట్టి రోడ్డెక్కారు. చేతికొచ్చేది దీనికంటే తక్కువ ఉంటది, పీఎఫ్ 12 శాతం, వైద్యం కోసం ఈఎస్‌ఐ 0.75 శాతం కట్ అవుతాయి. ఆ కటింగ్ చూసి బాధపడకండి, కటింగ్ లేకుండా మొత్తం చేతికిస్తాం అన్నోడి దగ్గరే అనుమానపడాలి.

ఖాళీ ఉందని ఎట్లా తెలుస్తది

ఆఫీసుకెళ్లి కౌంటర్‌లో "ఉద్యోగాలున్నాయా" అంటే లేవనే అంటారు, ఎవర్నడిగినా అదే సమాధానం. అట్లా కాదు. తెల్లారగట్ల అయిదు, అయిదున్నరకి మీ ఏరియాలో మస్టర్ ఎక్కడ వేస్తారో అక్కడికి వెళ్లండి. వార్డు ఆఫీసు ముందో, పాత డంపర్ బిన్ ఉన్న మూలలోనో, మార్కెట్ దగ్గరో ఉంటది, ఊడ్చే అక్కల్ని అడిగితే చెప్తారు. అక్కడ పది నిమిషాలు నిలబడి మాట్లాడితే ఏ గ్రూపులో మనుషులు తక్కువున్నారు, ఎవరికి అరవై దగ్గరపడ్డాయి, ఎవరు నెలల తరబడి రావట్లేదు అన్నీ తెలిసిపోతాయి. ఆఫీసు ఫైల్లో ఖాళీ ఎక్కేకంటే ముందు ఆ అక్కలకే తెలుస్తది. మా పిన్ని గ్రూపులోకి వచ్చిన ఇద్దరూ అట్లా మాటల్లో తెలుసుకుని కాగితం పెట్టుకున్నోళ్లే.

తర్వాత వరస ప్రకారం కలవండి. హైదరాబాద్‌లో అయితే ఎస్‌ఎఫ్‌ఏ, తర్వాత శానిటరీ జవాన్, పైన సర్కిల్ ఆఫీసులో ఏఎంఓహెచ్, అంటే మెడికల్ ఆఫీసర్, ఖాళీ సంగతి అసలు తేలేది ఈయన దగ్గరే. ఆంధ్రాలో మేస్త్రీ, తర్వాత వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ, పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్, కార్పొరేషన్ అయితే హెల్త్ ఆఫీసర్, చిన్న మున్సిపాలిటీ అయితే కమిషనరే. హైదరాబాద్ చుట్టుపక్కలోళ్లకి ఒక విషయం, 2025 డిసెంబర్‌లో 27 మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిపాక వార్డులు, సర్కిళ్లు అన్నీ మారిపోయాయి, నిన్నటిదాకా మీ మున్సిపల్ ఆఫీసు అనుకున్నది ఇప్పుడు ఏ సర్కిల్ కిందకొచ్చిందో ముందు కనుక్కోండి, లేకపోతే కాగితం ఒక చోట, ఖాళీ ఇంకో చోట అయిద్ది.

ఎవరూ సరిగ్గా చెప్పట్లేదా, ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వెయ్యండి. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు, తెల్ల కాగితం మీద పౌర సమాచార అధికారికి అని రాసి, "ఫలానా సర్కిల్/వార్డులో పారిశుద్ధ్య కార్మికుల మంజూరైన సంఖ్య ఎంత, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, ఖాళీలు ఎన్ని, గత రెండేళ్లలో కొత్తగా తీసుకున్నవాళ్లు ఎంతమంది, ఏ పద్ధతిలో తీసుకున్నారు" అని అడగండి. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని జిరాక్స్ పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబుతోనే ఉద్యోగం వచ్చేయదు గానీ, "ఖాళీల్లేవు" అన్నోళ్ల సంతకంతోనే ఖాళీల లెక్క మీ చేతిలో ఉంటే ఆ తర్వాత మాట్లాడే తీరే మారిపోద్ది.

కాగితాలు

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ఆధార్. ఆధార్‌లో వెంకటమ్మ, రేషన్ కార్డులో వెంకట లక్ష్మి, బ్యాంకులో కె. వెంకటమ్మ, ఇట్లా ఉంటే ఇవాళ ఎవరూ పట్టించుకోరు, రేపు పీఎఫ్ తీసుకునేటప్పుడు ప్రాణం తీస్తారు. అన్నిట్లో ఒకే పేరు ఉండేటట్టు ముందే సరిచేసుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, కాబట్టి తొందరపడి తప్పు మార్చుకోకండి. మనోళ్లలో చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని ఉంటది, క్యాంపులో ఎవడో అందాజుగా కొట్టేసినది. వయసు అయిదారేళ్లు ఎక్కువ పడి ఉంటే చివర్లో అన్నేళ్లు ముందే ఇంటికి పంపిస్తారు, స్కూల్ టీసీ గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ ఉంటే ఆ ఒక్క ఛాన్స్ ఇక్కడ వాడుకోండి. ఫోన్ నంబర్ లింక్ అయి ఉండాలి, కొడుకు పాత సిమ్ నంబర్ కాదు, మీ దగ్గర ఇప్పుడు మోగే నంబర్.

బ్యాంక్ ఖాతా. మీ ఒక్కరి పేరు మీద ఉన్నది, ఈమధ్య వాడుతున్నది. పాత ఆంధ్రా బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చి జీతం రాలేదని తిరిగినోళ్లని చూశా, ఆ బ్యాంక్ 2020 ఏప్రిల్‌లోనే యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది, ఐఎఫ్‌ఎస్‌సీ మారిపోయింది. తెలంగాణలో ఏపీజీవీబీ ఖాతాలున్నోళ్లదీ అంతే, 2025 జనవరి నుంచి అది తెలంగాణ గ్రామీణ బ్యాంక్. బ్రాంచ్‌కి వెళ్లి కొత్త పాస్‌బుక్ వేయించుకుని దాని మొదటి పేజీ జిరాక్స్ పెట్టండి. ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా, భర్త ఖాతా నంబర్ ఇవ్వకండి, ఎన్ని ఇళ్లల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, పని చేసేది మీరు, జీతం మెసేజ్ కూడా మీ ఫోన్‌కే రావాలి.

కుల ధృవీకరణ పత్రం మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోండి. రేషన్ కార్డు, ఉంటున్న ఇంటి చిరునామాకి ఏదో ఒక ఆధారం, పాస్‌పోర్ట్ సైజ్ ఫొటోలు ఒక డజను. చదువు సర్టిఫికెట్ ఉంటే పెట్టండి, లేకపోయినా ఊడ్చే పనికి అదేం అడ్డం కాదు, అయితే అయిదో పదో చదివి ఉంటే దాచకండి, రేపు జవాన్ పనికో డ్రైవర్ పనికో అవకాశం వచ్చినప్పుడు అదే పనికొస్తది. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే దాని జిరాక్స్ తప్పకుండా.

మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టుకోకండి, తీసుకునేటప్పుడు అడిగితే గవర్నమెంట్ ఆసుపత్రిలో రాయించుకోవచ్చు.

కుల సర్టిఫికెట్ మాటొచ్చింది కాబట్టి ఒకటి. ఈ పనిలో ఉన్నోళ్లలో ఎక్కువమంది దళితులు, అందులోనూ ఆడవాళ్లు. వేరే కులం వాళ్లు పేరు ఎక్కించుకుని చీపురు పట్టకుండా ఆఫీసులో అటెండర్ పని చేసేది కూడా చాలా ఊళ్లల్లో ఉంది. పని వీళ్లది, సులువు వాళ్లది. మీకు ఎక్కడైనా అది కనిపిస్తే ఆర్టీఐలో అదీ అడగండి, "పారిశుద్ధ్య కార్మికులుగా జీతం తీసుకుంటూ వేరే పనుల్లో ఉన్నవాళ్లు ఎంతమంది" అని. ఒక ఖాళీ అక్కడ కూడా దొరుకుద్ది.

అప్లికేషన్ ఎట్లా రాయాలి

పెద్ద పెద్ద మాటలొద్దు, కష్టాలన్నీ రాసి ఏడవొద్దు. ఒక్క పేజీ. ఇట్లా:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
విషయం: ____ వార్డులో పారిశుద్ధ్య కార్మికురాలిగా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పని ఇప్పించవలసిందిగా విన్నపం.
అయ్యా, నా పేరు ____, భర్త/తండ్రి పేరు ____, వయసు ____, ____ కాలనీలో ____ సంవత్సరాలుగా ఉంటున్నాను. పై వార్డులో ____ గారు ____ తేదీన పదవీ విరమణ చేసినందువల్ల ఒక ఖాళీ ఏర్పడినట్టు తెలిసింది. రోడ్లు ఊడ్చడం, కాలువల్లో పూడిక తీయడం, ఇంటింటి చెత్త సేకరణ పనులు చేయగలను. ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా రాగలను. నా పేరు పరిశీలించి పని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. జతపరిచినవి: ____. ఇట్లు, ____, ఫోన్ ____."

ఇందులో అసలైన లైన్ ఏదంటే ఖాళీ గురించి రాసినది. "ఏదైనా పని ఇప్పించండి" అని రాసిన కాగితం కట్టలో అడుక్కి పోద్ది, "ఫలానా వార్డులో ఫలానా ఖాళీ" అని రాసినదాన్ని పక్కన పెట్టాలంటే ఎవరో ఒకరు కారణం రాయాలి. ఇంట్లో ఎవరైనా ఇదే పని చేసి చనిపోయినా, వయసై మానేసినా అది కూడా రాయండి, ఔట్‌సోర్సింగ్‌లో కూడా ఆ ఇంట్లోంచి ఒకరిని తీసుకోవడం చాలాచోట్ల ఆనవాయితీగా నడుస్తోంది.

రెండు కాపీలు తీసుకెళ్లండి. తపాల్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద సీలు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. "ఇచ్చి వెళ్లమ్మా చూస్తాం" అంటారు, వెళ్లకండి, సీలు పడిందాకా అక్కడే నిలబడండి. కార్పొరేటర్ చేతికో పెద్దమనిషి చేతికో ఇచ్చినది అప్లికేషన్ కింద లెక్కలేదు, వాళ్ల సిఫార్సు కావాలంటే తీసుకోండి, కాగితం మాత్రం మీ చేతులతోనే ఇవ్వండి.

నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండూ సోమవారమే. పాత ఇన్‌వర్డ్ నంబర్ వేసి "నా దరఖాస్తు ఏ స్థితిలో ఉంది" అని అడగండి, కొత్తగా మళ్లీ మొదట్నుంచి రాయకండి.

డబ్బులడిగేవాళ్లు

దీని గురించి రాయాలంటే కోపమొస్తది. ఏ ఊరికెళ్లినా ఒకడుంటాడు, ఖద్దరు చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, "కమిషనర్ మన మనిషే, లక్ష అయితే పనైపోద్ది" అంటాడు. మా బస్తీలో ఒకామె పుస్తెలతాడు కుదువబెట్టి మరీ ఇచ్చింది, నెల రోజులు వాడు చెప్పినచోటికెళ్లి ఊడ్చింది కూడా పాపం, జీతం రోజున చూస్తే ఏ లిస్టులోనూ పేరు లేదు. వేరే ఎవరో సెలవులో ఉంటే వాళ్ల బదులు పెట్టాడు. డబ్బూ పోయింది, చేసిన కష్టమూ పోయింది, కుదువ వడ్డీ మాత్రం నడుస్తానే ఉంది.

వాడి మాట నిజమా కాదా ఎట్లా తెలుస్తదంటే, వాట్సాప్‌లో పంపిన ఆర్డర్ కాపీని పట్టుకుని సర్కిల్ ఆఫీసుకో మున్సిపల్ ఆఫీసుకో నేరుగా వెళ్లి దాని మీదున్న నంబర్ చూపించండి, అసలు ఆర్డర్ అయితే వాళ్ల ఫైల్లో దొరుకుద్ది. "ఆఫీసుకెళ్లొద్దు, వెళ్తే పని చెడిపోద్ది" అని వాడన్నాడంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. గూగుల్ పే, ఫోన్ పే వద్దు క్యాషే కావాలి అన్నా అంతే. ఆఫీసులో పనిచేసేవాడే లంచం అడిగితే ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకి, 1064కి ఫోన్ చేయొచ్చు. ఇచ్చాక చేసేకంటే ఇవ్వకముందు చేస్తేనే ఉపయోగం, వాళ్లు వచ్చి పట్టుకునేది అప్పుడే.

దీనికి తమ్ముడు లాంటిది ఇంకోటుంది, బినామీ. అసలు కార్మికుడు వేరే వ్యాపారం చేసుకుంటుంటాడు, వాడి పేరు మీద మీరు ఊడుస్తారు, వాడికి జీతం పడితే అందులో సగం మీకిస్తాడు. ముందు ఏదో ఒకటి దొరికిందిలే, తర్వాత మన పేరు ఎక్కిస్తారులే అనిపిస్తది. ఎక్కించరు. రోడ్డు మీద లారీ గుద్దితే ఆసుపత్రిలో మీరెవరో కూడా తెలీదు, ఈఎస్‌ఐ వాడి పేరు మీద, ఇన్సూరెన్స్ వాడి పేరు మీద. హైదరాబాద్‌లో వేలిముద్రలతో కూడా మోసాలు చేశారు కాబట్టే 2024లో ముఖం చూసి హాజరు వేసే పద్ధతి తెచ్చారు. దాంతో కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఒక్క తేడా గమనించండి, బదిలీ వర్కర్‌గా, అంటే ఒకళ్లు రాని రోజు వాళ్ల బదులు పెట్టుకుంటాం, ఖాళీ వచ్చినప్పుడు తీసుకుంటాం అని ఆఫీసు వాళ్లే చెప్పి లిస్టులో పేరు రాసుకుంటే అది వేరే సంగతి, అది చేయొచ్చు. ఎన్ని రోజులు చేశారో మీరు కూడా ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకోండి.

తీసుకున్నాక, చేరే రోజు

నోటి మాట మీద రేపట్నుంచి వచ్చెయ్ అంటారు. వెళ్లండి, కానీ కాగితం అడగండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, అది ఏజెన్సీ అయినా సరే. గట్టిగా కాదు, నెమ్మదిగా అడగండి, "సార్ బ్యాంకులో చూపించుకోవాలి, లెటర్ ఉంటే ఇవ్వండి" అని. మొదటిరోజే పోట్లాట పెట్టుకోకూడదు అనేది నా ఉద్దేశం, వేరేవాళ్లు వేరేగా చెప్తారు.

హాజరు మిషన్‌లో మీ ముఖమో వేలో ఎక్కించిన రోజే మీ మొదటి రోజు. అంతకుముందు చేసిన రోజులకి జీతం పడుద్దా లేదా అని ఆ రోజే అడిగేసి తేల్చుకోండి.

ఇచ్చేవి లెక్కపెట్టి తీసుకోండి: యూనిఫాం, రేడియం పట్టీలున్న జాకెట్, గ్లౌజులు, మాస్కులు, బూట్లు, చీపుర్లు, ఇంకా సబ్బులు, కొబ్బరి నూనె, చెప్పులు, టవల్. ఇవన్నీ ఇవ్వాలని ప్రతి సమ్మెలోనూ అడుగుతానే ఉన్నారు అంటే అన్నిచోట్లా సరిగ్గా అందట్లేదనే అర్థం. సంతకం పెట్టించుకుంటే తీసుకున్నవాటికే పెట్టండి.

మొదటి రెండు నెలల్లో చూసుకోవాల్సినవి

పీఎఫ్ నంబర్, అదే యూఏఎన్, అడిగి రాసుకోండి. ఫోన్‌లో ఉమంగ్ యాప్ వేసుకుంటే నెలనెలా పడుతున్నది చూసుకోవచ్చు, చదవడం రాకపోతే రిజిస్టర్ అయిన నంబర్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వస్తది, పిల్లలతో చదివించుకోండి. జీతంలో కట్ అవుతోంది, ఖాతాలో మాత్రం పడట్లేదంటే ఎవరో మింగుతున్నారన్నమాట, అప్పుడు ఒక్కరే వెళ్లొద్దు, గ్రూపంతా కలిసి పీఎఫ్ ఆఫీసుకెళ్లండి. నామినీ పేరు ఎక్కించడం చాలామంది మర్చిపోతారు. కార్మికుడు సర్వీసులో చనిపోతే పీఎఫ్‌తో పాటు ఇన్సూరెన్స్ కూడా వస్తది, 7 లక్షల దాకా, నామినీ లేకపోతే ఆ డబ్బుల కోసం ఇంట్లోవాళ్లు కాళ్లరిగేలా తిరగాలి.

ఈఎస్‌ఐ కార్డు కూడా అంతే, ఇంట్లో వాళ్లందరి పేర్లూ ఎక్కించండి. జీతం 21 వేల లోపు ఉన్నోళ్లకి ఈఎస్‌ఐ ఉంటది. జబ్బు చేసి పనికి రాలేకపోతే డాక్టర్ రాసిస్తే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, ఆడవాళ్లకి కాన్పుకి 26 వారాలు. దీనికి కొన్నాళ్లు కట్టి ఉండాలి కాబట్టి మొదటి నెల నుంచే కడుతున్నారో లేదో చూసుకోవడం అందుకే. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రమాద బీమా కూడా పెట్టించుకోండి, 2 లక్షలది, రోడ్డు మీద పని చేసేవాళ్లకి అది తప్పనిసరి అంటాను నేను.

ఒంటి సంగతి

చెత్తలో చేయి పెట్టేది మీరు. పగిలిన గాజు, వాడిన సూదులు, బ్లేడ్లు అన్నీ ఒకే కవర్లో కట్టి పడేసే జనం మనోళ్లు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరువేరుగా ఇవ్వాలని 2016లోనే రూల్స్ వచ్చాయి, చూస్తున్నాంగా. అందుకని చేరిన వారంలోనే టీటీ ఇంజెక్షన్, హెపటైటిస్ బీ టీకా వేయించుకోండి, అది మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. సూది గుచ్చుకుంటే సబ్బుతో కడిగి అదే రోజు ఆసుపత్రికెళ్లండి, రేపు చూద్దాం అనొద్దు. వానాకాలం కాలువ పనికి కాలికి పుండు ఉన్నప్పుడు బూటు లేకుండా దిగొద్దు, ఎలక మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం ఉంది, ముదిరితే కిడ్నీలు పోతాయి.

ఫ్లైఓవర్ల మీద, మెయిన్ రోడ్డు మీద రాత్రి డ్యూటీ పడితే రేడియం జాకెట్ లేకుండా అడుగు పెట్టొద్దు, బండ్లొచ్చే వైపు ముఖం పెట్టి ఊడ్చండి.

మ్యాన్‌హోల్ విషయం మాత్రం వేరే. ఎవరు చెప్పినా, ఎంతిస్తానన్నా, "రెండు నిమిషాలే, దిగి కర్ర తీసి వచ్చెయ్" అన్నా దిగొద్దు. లోపల గ్యాస్ ఉంటది, ముందు కుళ్లిన గుడ్ల వాసన వస్తది, గ్యాస్ ఎక్కువైతే ఆ వాసన కూడా తెలీకుండా పోద్ది, వాసన పోయింది కదా అని దిగినోడు పైకి రాడు, వాణ్ని తీద్దామని దిగినోడూ రాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సీవర్‌లోకి, సెప్టిక్ ట్యాంక్‌లోకి దింపడం నేరం, దింపినవాడికి జైలు. సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపే బెజవాడ విల్సన్ లాంటివాళ్లు దశాబ్దాలు కొట్లాడి తెచ్చుకున్న చట్టం అది. చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు 10 లక్షలుండేది. మీకు ఇచ్చిన పని ఊడ్చడం అయితే మ్యాన్‌హోల్ మీ పనే కాదు, కాదన్నందుకు తీసేస్తామంటే ఆ మాట నలుగురి ముందు అనిపించండి, యూనియన్‌లో చెప్పండి.

యూనియన్ అంటే గుర్తొచ్చింది, చేరాలా వద్దా అని చాలామంది అడుగుతారు. చేరండి. ఏ జెండా అనేది మీ ఇష్టం, మీ మస్టర్‌లో ఎక్కువమంది ఎందులో ఉంటే అందులో. పైన చెప్పిన జీతాల లెక్క మళ్లీ చదివితే ఎందుకో మీకే తెలుస్తది.

బెంగళూరులో, చెన్నైలో ఉన్న మనోళ్లకి: అక్కడ కూడా ఈ పనిలో తెలుగోళ్లు తరాల నుంచి ఉన్నారు. బెంగళూరులో పౌరకార్మికులని చాలామందిని ఈమధ్య పర్మనెంట్ చేశారు, కానీ పాత హాజరు రికార్డు ఉన్నవాళ్లకే అది దక్కింది, చేస్తున్నా పేరు లేనివాళ్లు బయటే ఉండిపోయారు. చెన్నైలో 2025 ఆగస్టులో కొన్ని జోన్లు ప్రైవేటుకి ఇచ్చినందుకు కార్పొరేషన్ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు, అక్కడ కొత్తగా అడిగేవాళ్లు మీ జోన్ కార్పొరేషన్ చేతిలో ఉందా కంపెనీ చేతిలో ఉందా అన్నది ముందు కనుక్కోండి.

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలీదు. చెత్త ఏరడం, ప్రమాదకరమైన శుభ్రం పని లాంటివి చేసేవాళ్ల పిల్లలకి ఒకటో క్లాసు నుంచి పదో క్లాసు దాకా సెంట్రల్ గవర్నమెంట్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి కులంతో పని లేదు, ఆదాయ పరిమితి కూడా లేదు. మీరు ఆ పని చేస్తున్నట్టు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ కావాలి. స్కూళ్లు తెరిచేది జూన్‌లో కాబట్టి మే నెలలోనే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో ఏఎంఓహెచ్‌నో అడిగి ఆ సర్టిఫికెట్ తీసిపెట్టుకోండి, పిల్లల ఆధార్, బ్యాంక్ ఖాతా కూడా అప్పుడే సరిచూసుకోండి.